ఇంపాలాకి దాహం!

సినిమాలో జమీందారు గారి కారు పోర్టికోలోకి వచ్చి ఆగడం రెండు సెకన్ల పని. హాల్లో కూర్చున్న మీకు అంతే! ఆ రెండు సెకన్ల కోసం ఆమధ్య ఓ పీరియడ్ సినిమా షూటింగులో మేమంతా మధ్యాహ్నం భోజనం మానుకున్నాం. (మానుకున్నామంటే ఎవరూ పెట్టలేదని అర్థం లెండి.)

కారు 1965 మోడల్ ఇంపాలా. నా మిత్రుడిది. వాళ్ల నాన్నగారు ముచ్చటపడి కొన్నది. ఆయన పోయాక సినిమాలకి అద్దెకి తిప్పుతున్నాడు. నాన్న జ్ఞాపకం అంటాడు గాని, సగం ఇల్లు ఆ అద్దె మీదే నడుస్తుంది.

షాటు మొదలైంది. కారొచ్చింది, హీరో దిగాడు. దిగేసరికి వెనక నుంచి గుప్పున తెల్లటి పొగ! పౌరాణికంలో నారదుడు ప్రత్యక్షమైనట్టు ఆయన పొగలోంచి బయటికొచ్చాడు. డైరెక్టరు గారు 'కట్' అనలేదు, అరిచారు. ప్రొడక్షన్ మేనేజరు మావాడి వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"రింగులు పోయాయి, ఇంజను దింపాల్సిందే" అన్నారు చూసిన ప్రతివాళ్లూ. ఆ ఖర్చు విని మావాడు కుదేలై, ఎప్పట్నుంచో అడుగుతున్న ఓ పార్టీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నాడు. కారు అమ్మేయడమే!

ఆ రాత్రి టీ తాగుతూ మాటల్లో అన్నాడు కదా: "దీని దాహం తీర్చలేకపోతున్నాన్రా. రెండ్రోజులకోసారి గేరుబాక్సులో అర లీటరు పోస్తున్నా."

"మరి కింద కారుతోందా?"

"చుక్క లేదు."

చుక్క కారకుండా నూనె ఎటు పోతుంది చెప్మా?

ఇక్కడ కాస్త ఆగి, కుర్రకారుకి ఓ మాట చెప్పాలి. ఇది ఆటోమేటిక్ కారు. పాత ఫియట్లకి కూడా గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది, కర్ర చూసి మోసపోకండి. కింద పెడల్స్ లెక్కపెట్టండి. క్లచ్ పెడల్ ఉండదు. షెవర్లే వాళ్లు 1950లో తెచ్చిన పవర్‌గ్లైడ్ గేరుబాక్సు ఇందులో ఉంది. ముందుకి పోవడానికి రెండే గేర్లు! ఇందులోని ఎర్ర నూనె పళ్లచక్రాలు అరక్కుండా మాత్రమే కాదు, ఇంజను బలాన్ని చక్రాలకి అందించేది కూడా అదే. లోపలి క్లచ్‌లని నొక్కి పట్టేదీ దాని ఒత్తిడే. అందుకే తగ్గితే ఇంజను రొద పెడుతుంది గాని కారు కదలదు.

మర్నాడు పొద్దున్నే ఓ ముసలి మేస్త్రీ దగ్గరికి పోయాం. ఆయన ఇంజను మూత కూడా తియ్యలేదు. కింద దూరి, గేరుబాక్సు పక్కన డబ్బీ లాంటి దానికున్న సన్నటి రబ్బరు గొట్టం లాగాడు. అందులోంచి ఎర్ర నూనె!

"చూశారా బాబూ, ఇదీ దొంగ!" అన్నాడు.

దాని పేరు వాక్యూమ్ మాడ్యులేటర్. లోపల ఓ రబ్బరు పొర ఉంటుంది. ఇంజను పీల్చే గాలిని బట్టి గేరు ఎప్పుడు మారాలో చెప్పడంలో దానికో పాత్ర ఉంది. ఆ పొర చిరిగితే ఇంజను ఆ గొట్టంలోంచి గేరుబాక్సు నూనెని పీల్చి కాల్చేస్తుంది. అదే తెల్లపొగ. రింగులు నిక్షేపంగా ఉన్నాయి! డబ్బీ మార్చారు, పొగ పోయింది.

కథ అయిపోయిందనుకున్నారా? అలవాటు పోలేదే! మావాడు తెల్లారగట్ల చల్లటి కారులో పుల్ల తీసి చూశాడు, తక్కువ కనిపించింది, 'ఫుల్' గీత దాకా పోసేశాడు. నూనె వేడెక్కితే ఉబ్బుతుందని మర్చిపోయాడు. మధ్యాహ్నానికి గీత దాటింది. లోపల తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ చేశాయి. నురగలో గాలే గాని ఒత్తిడి ఎక్కడిది? మళ్లీ రొద, మళ్లీ కారు కదలదు! ఎక్కువ పోసినా తక్కువ పోసినా జబ్బు ఒకటే సుమండీ.

మేస్త్రీ నెత్తి కొట్టుకుని, ఎక్కువైంది తీసేసి, చూసే పద్ధతి నేర్పాడు. ఓ ఇరవై నిమిషాలు కారు నడిపి, చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేయాలి. కాలు బ్రేక్ మీద ఉంచి కర్రని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి న్యూట్రల్లో పెట్టాలి. కొన్ని కార్లకి పార్కులో పెట్టి చూడాలి, దాని పుస్తకం ఏం చెబితే అదే. ఇంజను ఆపకూడదు! ఆపితే పైనున్న నూనె కిందికి దిగి, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. పుల్ల తుడిచే గుడ్డ పోగులు రాలనిది కావాలి. కాటన్ వేస్టు పోగు ఒక్కటి లోపలికెళ్లి కవాటంలో ఇరుక్కున్నా చాలు, కొంప మునుగుతుంది. ఈ కారుకి 'యాడ్' గీతకీ 'ఫుల్' గీతకీ తేడా ఒక పింటే, అంటే అర లీటరు లోపు. గరాటుతో కొంచెం కొంచెం పొయ్యాలి. నూనె వాసన కూడా చూడమన్నాడు: మాడు వాసనేస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నట్టు, పాలు కలిసినట్టుంటే రేడియేటరు నీళ్లు చేరినట్టు.

మావాడు అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. ఆ పార్టీకి ఇంకా కోపంగానే ఉందట.

మొన్న మళ్లీ షూటింగుకి వెళ్లాను. అసిస్టెంటు డైరెక్టరు పరిగెత్తుకొచ్చి "షాట్ రెడీ!" అన్నాడు. మావాడు చేతిలో పుల్ల పట్టుకుని, "ఉండండి సార్, ఇంకా వేడెక్కలేదు" అన్నాడు. హీరో గారి కాఫీ సంగతేమో అనుకుని ఆయన అటు పరిగెత్తాడు!