నీటి పద్దు తేలకుండా పంట అంచనా ఎలా?

హిందూపురం మార్కెట్టులో సరుకు కొనే వర్తకుడు మూడు సంగతులు చూస్తాడు: పాత నిల్వ, కొత్త రాబడి, ఎగుమతి. ఇవి తేలనిదే బేరానికి దిగడు. పంటకు మూలమైన నీటి విషయంలో మాత్రం ఈ జాగ్రత్త కానరాదు.

పెన్నా, చిత్రావతి రెండూ కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టినవి. బుక్కపట్నం, ధర్మవరం చెరువులకు చిత్రావతే ఆధారం. 1892 నాటి మద్రాసు-మైసూరు ఒడంబడికలో ఈ రెండు నదుల పేర్లూ ఉన్నాయి. ఎగువన కొత్త జలాశయానికి దిగువవారి సమ్మతి కావాలని దాని సారాంశం. అందులో బోర్ల ప్రసక్తి లేదు. నేడు ఎక్కువ నీరు తోడేది బోర్లే.

నదీ పరీవాహక నమూనా అంటే నీటి చిట్టాయే. వాన, ఎగువ ప్రవాహం జమ. పైర్లు, ఊళ్లు, ఆవిరి ఖర్చు. చెరువు, భూగర్భం నిల్వ. చెరువులో ఇంకిన నీరే బోరులో ఊరుతుంది. ఒకే నీటిని రెండు పద్దుల్లో జమ కడితే లెక్క తప్పుతుంది. డ్రిప్పుతో మిగిలిన నీటితో మరో రెండెకరాలు వేస్తే ఆదా అయినట్టు కాదు.

ఇది రైతుకు అందని విద్య కాదు. 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం కింద అనంతపురం సహా ఏడు జిల్లాలలో రైతులే వాన, బోర్ల మట్టాలు కొలిచి, రబీకి ముందు నీటి బడ్జెట్టు వేసుకున్నారు.

పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి 2016లో కృష్ణా నీరు చేరింది. హంద్రీ-నీవా లక్ష్యం 40 టి.ఎం.సి.లతో సుమారు 6 లక్షల ఎకరాలు, అంటే టి.ఎం.సి.కి 15 వేల ఎకరాలు. ఇది ఆరుతడి పైర్ల లెక్క. వరి వేస్తే చివరి ఆయకట్టుకు చుక్క అందదు.

నష్టం పొలంతో ఆగదు. బోరు ఎండితే మల్బరీ వాడుతుంది, హిందూపురానికి పట్టుగూళ్ల రాబడి తగ్గుతుంది, పట్టు ధర పెరిగి ఆ సెగ ధర్మవరం మగ్గానికి తగులుతుంది.

కనుక విత్తుకు ముందే మండలాలవారీగా నీటి నిల్వ, అది ఎన్ని ఎకరాలకు చాలునో ప్రకటించాలి. మార్కెట్ యార్డులో ధరల బోర్డు పక్కనే ఆ అంకెలూ రాయాలి. ధర చూసి పైరు వేసే రైతు, నీరు కూడా చూసి వేస్తాడు.