పిడికెడు చాలన్న దేవుడు

దసరా నాటి అర్ధరాత్రి, కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు. కొండ మీద మాళమ్మకు, మల్లేశ్వరుడికి కల్యాణం జరిగాక ఉత్సవ విగ్రహాలు కిందికి దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు వాటికి కాపు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ వైపు తిప్పుకోవాలని చూస్తారు. చేతుల్లో దివిటీలు, ఇనుప రింగులు తొడిగిన కర్రలు. తల పగిలినవాడు గాయం మీద ఇంత బండారు (పసుపు) అద్దుకుని మళ్లీ గుంపులోకి దూకుతాడు.

"ఇది కొట్లాట కాదు, బన్ని ఉత్సవం. చీకట్లో పొరపాటున తగులుతాయి" అంటారు పెద్దలు. సరే. మరి ముందుగా డొల్లిన బండ దగ్గర పాలు ముట్టుకుని, కక్షలు పెట్టుకోబోమని బాస చెయ్యడమెందుకు? పెళ్లి విందుకు వెళ్లేముందు ఎవరూ పాలబాస చెయ్యరు.

బండారు సంగతీ అంతే. గాయానికి అదే మందని నమ్మకం. కొండ కింద మాత్రం తాత్కాలిక ఆసుపత్రి, అంబులెన్సులు సిద్ధం. దెబ్బ పెద్దదైతే ఆలూరుకో ఆదోనికో తీసుకెళ్తారు. మానిన గాయం పసుపు ఖాతాలో, మాననిది కర్మ ఖాతాలో పడుతుంది. కుట్లు వేసిన డాక్టరుకు ఏ ఖాతాలోనూ చోటు లేదు.

అసలు కథ వినండి. మణి, మల్లాసురులనే రాక్షసులు చచ్చేముందు ఏటా నరబలి కావాలన్నారట. శివుడు, అంటే ఈ మల్లేశ్వరుడే, కుదరదని, ఒక్క భక్తుడి పిడికెడు రక్తంతో సరిపెట్టుకోమన్నాడట. అందుకే రక్షపడ అనే చోట గొరవయ్య అనే మల్లన్న భక్తుడు తొడ గుచ్చుకుని రక్తం చిందిస్తాడు. నాకీ కథ మీద నమ్మకం లేదు. నమ్మేవాళ్ల లెక్కే తీసుకుందాం: దేవుడే బేరమాడి నరబలిని పిడికెడుకు దించాడు. మరి మిగతా రక్తం ఎవరడిగారు? గుడి దగ్గర మేకనో కోడినో బలివ్వకూడదని 1950లోనే చట్టం వచ్చింది. మనిషి తలకు ఆపాటి పూచీ కూడా లేదు. డ్రోన్లు తిరుగుతుండగా, వందలమంది పోలీసులు చూస్తుండగానే పగులుతుంది.

ఆ ప్రాంతం నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. చెయ్యి విరిగినవాడికి ఆ ఏడు కూలి ఉండదు. ఊరి పరువు మాత్రం నిలిచిందంటారు!

దేవుడు ఊరేగనీ, దివిటీలు వెలగనీ, నెరణికి వాళ్లే కాపు కాయనీ. అన్నల్లారా, ఈ దసరాకు కర్రల రింగులు ఊడదీసి చూడండి, మల్లేశ్వరుడు కొండ దిగనంటాడేమో.