బందరు సముద్రంలో పనుంది, ఇన్‌స్ట్రక్టర్ గారూ!

స్కూబా రీల్ అనగానే మనకి గుర్తొచ్చేది అండమానే. నీలం నీళ్లు, రంగుల చేపలు, కెమెరాకి చేతులూపే కొత్త జంట. వాళ్ల వెనకాల సిలిండర్ పట్టుకుని ఒకాయన ఉంటాడు చూశారా, ఇన్‌స్ట్రక్టర్! ఈ వారం కాలమ్ ఆయన కోసం. అండమాన్‌లో ఉన్నా, గోవాలో ఉన్నా, మన రుషికొండలోనే ఉన్నా సరే, ఒక్కసారి బందరు వైపు రండి సార్.

బందరులో ఏముందంటారా? 1611లో గ్లోబ్ అనే ఇంగ్లిష్ ఓడ ఇక్కడికొచ్చేనాటికే డచ్చివాళ్లు దుకాణం తెరిచేశారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. కలంకారీ బట్టలు ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. అయితే మన తీరంలో లోతు తక్కువ కదా, పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు. మైళ్ల దూరంలో లంగరు వేస్తే చిన్న పడవల్లో సరుకు మోసేవాళ్లు. తుఫానొస్తే ఆ ఓడలకి దాక్కునే చోటు లేదు. మరి మన తుఫాన్ల సంగతి తెలుసుగా? 1864 నవంబర్ 1 నాటి ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబర్ 19ని దివిసీమ ఇంకా మర్చిపోలేదు. ఇన్ని వందల ఏళ్లు ఓడలు తిరిగి, ఇన్ని తుఫాన్లు చూసిన సముద్రం అడుగు ఖాళీగా ఉంటుందా?

ఒక మాట ముందే చెప్పేస్తా. ఇది టూరిస్టుల నీళ్లు కాదు. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రుతో నీళ్లు బురదగా ఉంటాయి. చాపిన చెయ్యి కనిపించని రోజులుంటాయి. అందుకే పిలుస్తున్నది కొత్తవాళ్లని కాదు, ఇన్‌స్ట్రక్టర్లని. కనపడని నీళ్లలో కంగారుపడకుండా, తాడు పట్టుకుని, గేజ్ చూసుకుంటూ పనిచేయడం మీకే వచ్చు.

పైగా ఆ బురద మనకి శత్రువేం కాదు. చెక్కని తినేసే ఓడపురుగు గాలి ఆడని బురదలో బతకలేదు. ఇంగ్లండ్‌లో 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడనే చూడండి. బురదలో కూరుకుపోయిన సగం మిగిలింది, పైకి తేలి ఉన్న సగం పోయింది. ఆ మిగిలిన సగాన్ని 1982లో పైకి తీశారు. అసలు ఆ ఓడ వెతుకులాట మొదలెట్టింది సరదాగా డైవింగ్ చేసే మామూలు మనుషులే. తర్వాత తవ్వకాల్లో వందల మంది డైవర్లు జీతం లేకుండా పనిచేశారు. అంటే నిపుణులు రావడానికి ముందు, ఊరి డైవర్లు కదలాలి.

ఎక్కడ మొదలెట్టాలి? నీళ్లలో కాదు, గిలకలదిండి హార్బర్ గట్టు మీద. ఎక్కడ వల తగులుకుంటుందో, ఎక్కడ చిరుగుతుందో బోటు సరంగులకి తెలిసినంతగా ఏ యాప్‌కీ తెలియదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. గిలకలదిండిలో, నాగాయలంకలో పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఆ చోట్లన్నీ రాసుకోండి. జీపీఎస్ పాయింట్లు అడిగి తీసుకోండి. వాళ్ల పేర్లు కూడా పక్కన రాయండి, ఎందుకంటే ఆ కనిపెట్టడం వాళ్లది. వరదలు, తుఫాన్ల రోజులు దాటాక, అనుమతులు తీసుకుని, వాళ్ల బోటుకే కిరాయి ఇచ్చి వెళ్లండి.

కొన్ని పద్ధతులున్నాయి. చిరిగిన వలలు మునిగిన ఓడకి చుట్టుకుని ఉంటాయి, కత్తి లేకుండా, తోడు లేకుండా దిగొద్దు. ఓడ లోపలికి దూరొద్దు. ఏదీ పైకి తేవొద్దు. వందేళ్లు దాటిన వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం కిందికొస్తాయి. కొలవండి, ఫొటో తీయండి, కేంద్ర పురావస్తు శాఖకి రాయండి. నీటి అడుగున పనికి వాళ్లకి 2001 నుంచి ప్రత్యేక విభాగమే ఉంది. ఇంకోటి, మునిగిన ఓడంటే మనుషులు పోయిన చోటు. 1971లో విశాఖ దగ్గర మునిగిన ఘాజీ శత్రువుల జలాంతర్గామే అయినా, మన నేవీ దాన్ని కదపకుండా వదిలేసింది. ఆ మర్యాద మనకీ ఉండాలి.

డబ్బులొస్తాయా అంటే, మొదట్లో రావు. డీజిల్ ఖర్చూ మీదే. కానీ గుడివాడ కాలవలో ఈత నేర్చుకున్న కుర్రాడు రేపు డైవర్ అవ్వాలనుకుంటే, చెన్నైకో గోవాకో బస్సెక్కకుండా నేర్చుకునే చోటు ఒకటి మొదలవుతుంది.

తొందరెందుకంటే, మంగినపూడి దగ్గర కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. పోర్టు రావాల్సిందే, బందరు ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తోంది. కానీ పెద్ద ఓడలు రావాలంటే సముద్రం అడుగు తవ్వాలి. డ్రెడ్జర్‌కి మట్టీ ఒకటే, నాలుగొందల ఏళ్ల నాటి చెక్కా ఒకటే. తేడా తెలిసేది డైవర్‌కే. వచ్చే వేట నిషేధానికి ఓ నోట్‌బుక్ పట్టుకుని గిలకలదిండి వచ్చేయండి సార్. సిలిండర్ తర్వాత తెచ్చుకోవచ్చు.