ఉగాది పంక్తిలో చక్కెర కలపని శ్రీఖండ్ కూడా ఉండాలి



ఉగాది సామూహిక భోజనాలకు వంట జాబితా రాసుకునే వేళయింది. మన షోలాపూర్‌లో ఆ జాబితా ఏటా ఒకేలా మొదలవుతుంది: ఉగాది పచ్చడి, పులిహోర, ఆ తర్వాత శ్రీఖండ్-పూరీ. ఈసారి ఆ శ్రీఖండ్ గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి. మేము అడుగుతున్నది ఒక్కటే. చక్కెర వేసిన శ్రీఖండ్ గిన్నె పక్కనే, చక్కెర కలపని శ్రీఖండ్ గిన్నె ఒకటి అదే పంక్తిలో పెట్టాలి. దాన్ని దాని అసలు పేరుతోనే పిలవాలి.

ముందు ఒక మాట. శ్రీఖండ్ మన తాతముత్తాతలు వెంట తెచ్చుకున్న వంటకం కాదు. మగ్గం పని, మిల్లు పని వెతుక్కుంటూ మనవాళ్ళు ఇక్కడికి వచ్చారు. ఉగాది, గుడీ పాడ్వా ఒకే రోజు పడతాయి. పక్కింటివాళ్ళు గుడి ఎత్తుకుంటుంటే మనం వేపపువ్వు ఏరుకుంటాం. వాళ్ళింటి నుంచి శ్రీఖండ్ డబ్బా వస్తే మనింటి నుంచి పచ్చడి గిన్నె వెళ్తుంది. అలా ఇచ్చిపుచ్చుకుంటూనే శ్రీఖండ్ మన విస్తట్లోకి వచ్చింది, ఇప్పుడు అది లేకపోతే పండగే కానట్టు అనిపిస్తుంది. అంటే మన విస్తరి ఎప్పుడూ కొత్తదాన్ని కలుపుకుంటూనే వచ్చింది. కాబట్టి ఇంకో గిన్నె పెడితే సంప్రదాయం చెడిపోతుందని ఎవరూ బెంగపడక్కర్లేదు.

ఇక లెక్కకు వద్దాం. శ్రీఖండ్‌కి పెరుగుని గుడ్డలో కట్టి నీళ్ళు కారనిస్తే మిగిలే గట్టి ముద్దను ఇక్కడ చక్కా అంటాం. కిలో చక్కాకి ముప్పావు కిలో నుంచి కిలో దాకా చక్కెర కలపడం వాడుక. కిలోకి 800 గ్రాములు వేశామనుకోండి, మొత్తం కిలో 800 గ్రాములు అవుతుంది. అందులో 100 గ్రాములు వడ్డిస్తే 44 గ్రాములు ఒట్టి చక్కెరే. చెంచాకి నాలుగు గ్రాముల చొప్పున చూస్తే పదకొండు చెంచాలు. టీలో రెండో చెంచా పడితే చేయి అడ్డం పెట్టే పెద్దాయన, అదే చక్కెర గిన్నెలో కనపడకుండా వస్తే పదకొండు చెంచాలు తినేస్తున్నాడు. పైగా దాంతో నాలుగు పూరీలు.

2023లో అచ్చయిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఈ అంకెలు మనకేం కొత్త కాదు. పంక్తిలో కూర్చున్న పెద్దవాళ్ళను చూస్తే చాలు. మగ్గం ముందో, మిషన్ ముందో, బీడీల చాట ముందో ఏళ్ళ తరబడి కూర్చుని పనిచేసిన ఒళ్ళు అవి. భోజనానికి ముందు సంచీలోంచి మాత్ర తీసి వేసుకునేవాళ్ళు ప్రతి వరసలోనూ ఉంటారు.

వాళ్ళను మనం చేస్తున్నదేమిటి? "పండగ పూట ఒక్క గరిటెకి ఏం కాదులే" అని వద్దన్నా వడ్డిస్తాం. "మా చేతిది కాదంటారా అత్తయ్యా" అని నిష్ఠూరమాడతాం. చేయి అడ్డం పెడితే "ఎప్పటినుంచి షుగరు? ఎంత ఉంది?" అని నలుగురిలో ఆరా తీస్తాం. ఇన్ని మాటలు పడే కంటే తినేయడమే నయమనుకుని తినేవాళ్ళు కొందరు. అసలు భోజనానికే రాకుండా, దండం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు కొందరు. ఈ రెండోవాళ్ళ సంగతి మనకు పట్టడం లేదు, ఎందుకంటే వాళ్ళు కనపడరు. ఏడాదికోసారి అందరం ఒకచోట కూర్చోవాలని సంఘం పెట్టుకున్నాం. ఒక తీపి గరిట వల్ల మన పెద్దవాళ్ళు పంక్తికి దూరమైతే ఆ సంఘానికి అర్థం ఏముంది?

దీనికి మనవాళ్ళు చెప్పే మందు ఇంకో రకం. "చక్కెర వద్దు, బెల్లం వేద్దాం. లేదా ఖర్జూరం, తేనె. అవి సహజం కదా" అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ ఇది ప్రమాదకరమైన ఓదార్పు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఎండు ఖర్జూరంలో సగానికి మించి చక్కెరలే ఉంటాయి, తేనె కూడా అంతే. రంగు మారినంత మాత్రాన రక్తంలో చక్కెర పెరగక మానదు. చక్కెర అని తెలిస్తే ఒక చెంచాతో ఆగే మనిషి, బెల్లమే కదా అని మూడు ఉండలు తింటాడు. ఉగాది పచ్చడిలో కొత్త బెల్లం వేసుకుందాం, అది ఆచారం, పైగా తాగేది చిన్న గ్లాసుడే. బెల్లం పాకంతో చేసిన మిఠాయికి మాత్రం "షుగర్ వాళ్ళకు మంచిది" అని చీటీ పెట్టొద్దు.

దుకాణాల్లో "షుగర్ ఫ్రీ" అని అమ్మే మిఠాయిల సంగతీ చూసుకోవాలి. మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం 100 గ్రాముల్లో చక్కెరలు అర గ్రాముకి మించకపోతేనే ఆ మాట వాడాలి. ఆ అర గ్రాము లెక్క చక్కెరలకే, పిండికి కాదు. మైదా, శనగపిండి, బియ్యప్పిండి వేసిన మిఠాయి షుగర్ ఫ్రీ అయినా ఆ పిండి కడుపులోకి వెళ్ళాక గ్లూకోజే అవుతుంది. కొన్నింటిలో వాడే మాల్టిటాల్ చక్కెరంత కాకపోయినా రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఎక్కువ తింటే కడుపు కూడా పాడవుతుంది. అందుకే చీటీ వెనక్కి తిప్పి, మొత్తం పిండిపదార్థం ఎంతో చూడాలి.

ఇదే నిబంధన మనకూ వర్తింపజేసుకుందాం. పెరుగులో పాల చక్కెర కొంత ఉంటుంది. అందుకే మేము చెప్పబోయే శ్రీఖండ్‌ని కూడా "షుగర్ ఫ్రీ" అనడం సరికాదు. "చక్కెర కలపనిది" అనాలి. పేరు దగ్గరే నిజం చెప్తే తినేవాళ్ళు తమ లెక్క తాము వేసుకుంటారు.

ఇప్పుడు చేసే పద్ధతి. పొయ్యితో పని లేదు, ఓవెన్ అక్కర్లేదు. పెరుగు కట్టడం వచ్చినవాళ్ళెవరైనా చేయొచ్చు.

కావలసినవి: వెన్న తీయని పాలతో తోడుపెట్టిన, పులవని గట్టి పెరుగు ఒక కిలో. కుంకుమపువ్వు ఏడెనిమిది రేకులు, ఏలకుల పొడి అర చెంచా, జాజికాయ పొడి చిటికెడు. పిస్తా, బాదం సన్నగా తరిగినవి రెండు చెంచాలు, సారపప్పు ఒక చెంచా. తీపికి ఎరిత్రిటాల్ మూడు పెద్ద చెంచాలు, లేదా స్టీవియా.

పెరుగుని పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, మొత్తం ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉగాది నాటికి మన ఊరి ఎండ తెలిసిందే, కొళాయికి వేలాడదీస్తే పొద్దుటికి పులిసిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సుమారు 400 గ్రాముల చక్కా వస్తుంది. దాన్ని పూరన్ యంత్రంలోంచో, సన్న జల్లెడ మీద గరిటెతో రుద్దో దింపండి. ఈ పని తప్పించుకోవద్దు, నున్నదనం అంతా ఇక్కడే వస్తుంది. ఎరిత్రిటాల్‌ని మిక్సీలో మెత్తగా పొడి కొట్టి కలపండి, పలుకులుగా వేస్తే ఇసుకలా తగులుతుంది. స్టీవియా అయితే ఒక్కో కంపెనీది ఒక్కో ఘాటు, కొద్దికొద్దిగా వేసి రుచి చూసుకోవాలి, ఎక్కువైతే చేదు వస్తుంది. కుంకుమపువ్వును చెంచాడు గోరువెచ్చని పాలలో నానబెట్టి పోయండి. ఏలకులు, జాజికాయ కలిపి, పైన పప్పులు చల్లి, రెండు గంటలు చల్లబెట్టండి.

ఇది ఆరు చిన్న కప్పులు అవుతుంది. ఒక్కో కప్పులో పెరుగు, పప్పుల నుంచి వచ్చే పిండిపదార్థం సుమారు మూడు నాలుగు గ్రాములు. మామిడిపండు గుజ్జు మాత్రం వేయొద్దు, ఆమ్రఖండ్ చేస్తే లెక్క మారిపోతుంది. కారిన పెరుగు నీళ్ళు పారబోయకండి, మజ్జిగచారులో కలపొచ్చు, జొన్నరొట్టె పిండి కలుపుకోవచ్చు. సంఘం భోజనానికి 40 కప్పులు కావాలంటే ఏడు కిలోల పెరుగు సరిపోతుంది. ముందురోజు రాత్రి నాలుగిళ్ళ ఫ్రిజ్‌లలో పంచుకుని కట్టేస్తే ఎవరికీ భారం కాదు.

"ఆ తీపి పొడులన్నీ కెమికల్స్ కదా" అనే సభ్యులున్నారు. ఆ అనుమానం కొట్టిపారేసేది కాదు. స్టీవియా ఒక మొక్క ఆకు నుంచి తీసేది, దాని తీపి సారానికి మన దేశంలో 2015లో అనుమతి వచ్చింది. బరువు తగ్గడానికి చక్కెర లేని తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, అయితే ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకు కాదని కూడా స్పష్టంగా చెప్పింది. ఎరిత్రిటాల్ రక్తంలో ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని అదే ఏడాది ఒక పరిశోధన వచ్చింది. అదే కారణమని తేలలేదు, కానీ గుండె జబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్తపడటంలో తప్పులేదు. కాబట్టి ఇది రోజూ తినమని మేము అనడం లేదు. పండగకి ఒక కప్పు. ఏ పొడీ వద్దనుకునేవాళ్ళకు కుంకుమపువ్వు, ఏలకులు, చిటికెడు ఉప్పు, చెంచాడు దానిమ్మ గింజలు వేసి ఇవ్వొచ్చు. తాజా చక్కాలో ఉన్న కమ్మదనమే సగం రుచి.

"తీపి లేని పండగేం పండగ" అనేవాళ్ళకు ఒక్క మాట. ఉగాది నాడు మనం తినేది ఆరు రుచులు. అందులో తీపి ఒకటి మాత్రమే, చేదు కూడా ఒకటి. ఒక్క తీపికే పండగ భారమంతా మోపిన ఆచారం మనది కాదు. పైగా చక్కెర శ్రీఖండ్ తీసేయమని మేము అడగడం లేదు. పిల్లలు తింటారు, తిననివ్వండి. ఖర్చు అంటారా, ఎరిత్రిటాల్ చక్కెర కంటే ఖరీదే, కానీ 40 కప్పులకి పట్టేది ఎంత? రంగుల కాగితాల తోరణాలు రెండు తగ్గించుకుంటే సరి.

అన్నిటికంటే ముఖ్యమైనది వడ్డించే తీరు. షుగర్ వాళ్ళకు వేరే బల్ల వేద్దామని ఒక సూచన వచ్చింది. దయచేసి వద్దు. వేరే బల్ల అంటే మెడలో పలక కట్టినట్టే. రెండు గిన్నెలూ ఒకే పంక్తిలో రావాలి, రెండింటి మీదా పేరు రాసి ఉండాలి. వడ్డించే పిల్లలు "మీకు షుగర్ ఉందా?" అని అడగకూడదు. "ఏది వేయమంటారు తాతయ్యా?" అని అడగాలి. కావాలన్న ఎవరికైనా వేయాలి, వద్దన్న ఎవరినీ రెండోసారి అడగకూడదు. చక్కెర కలపనిది కదా అని ఆరు పూరీలు లాగిస్తే ఫలితం ఉండదు, అందుకే ఆ గిన్నెతోపాటు పూరీ ఒకటి, కూర, పప్పు ఎక్కువగా వడ్డిద్దాం.

ఇంకో జాగ్రత్త. ఇన్సులిన్, మాత్రలు తీసుకునేవాళ్ళకు భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే అప్పుడు పనికొచ్చేది ఈ శ్రీఖండ్ కాదు, అసలైన గ్లూకోజు, లేదా చక్కెర నీళ్ళు. మనిషి తెలివిలో ఉంటేనే తాగించాలి, లేకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి. వంటశాలలో ఒక గ్లూకోజు పొట్లం ఉంచుదాం. ఉపన్యాసాలు సాగదీసి భోజనాలు మూడింటికి పెట్టే అలవాటు కూడా మానుకుందాం, అది శ్రీఖండ్ కంటే పెద్ద సాయం.

వచ్చే సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. పెరుగు కట్టడానికి ఇల్లూ ఫ్రిజ్జూ ఇవ్వగలవాళ్ళు కింద పేరు రాయండి. బయటి ఊళ్ళ సంఘాల్లో ఉన్న మనవాళ్ళు, మీ దగ్గర వాడుకలో ఉన్న మిఠాయిని ఇలా చక్కెర కలపకుండా, పొయ్యి ముట్టించకుండా ఎలా చేస్తారో రాయండి, మేమూ నేర్చుకుంటాం. దండం పెట్టుకుని గేటు దాకా వెళ్ళిపోయే పెద్దవాళ్ళను ఈ ఉగాదికి చేయి పట్టుకుని పంక్తిలో కూర్చోబెడదాం.