కొండకొక చలి, కడలికొక చలి

విశాఖపట్నంలో చలికాలం ఎప్పుడు వచ్చిందో చెప్పడం కష్టం. పంచాంగం మార్గశిరమంటుంది, ఇంట్లో పంకా తిరుగుతూనే వుంటుంది. తెల్లవారుజామున బీచిరోడ్డుమీద మఫ్లరు చుట్టుకొని నడిచే పెద్దమనిషి చలికి వెరచి కాదు, కొనిపెట్టిన కోడలి మాట తీసెయ్యలేక!

సముద్రం పొదుపెరిగిన ఇల్లాలు. ఎండాకాలమంతా దాచిన వేడిని యీ నెలల్లో కొద్దికొద్దిగా ఖర్చు పెడుతుంది. ఆ ఇల్లు దాటి పడమటికి వెళితే ఒకవైపు అరకు, మరోవైపు చింతపల్లి దారిలో లంబసింగి. ఎత్తు సుమారు 1000 మీటర్లు. అంత ఎత్తుకు ఆరు డిగ్రీలు తగ్గుతుందని భూగోళం మాస్టార్ల లెక్క. మరి లంబసింగిలో పాదరసం ఒక్కొక్క ఉదయం సున్నాకు చేరువగా జారుతుందే, ఆ పై చలి ఎక్కడిది? మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, చెరువులోకి నీరు చేరినట్లు, వాలులమీదుగా లోయలోకి దిగి నిలిచిపోతుంది. పొద్దున్నే మనం ముచ్చటపడే పాలనురుగువంటి మంచు ఆ చెరువుదే.

లంబసింగికి కొర్రబయలని మరోపేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. కొర్రలు పండిన బయలేమోనని నాలోని తెలుగు మాస్టారి అనుమానం. ఆ మంచులో నిలబడి వాదిద్దామంటే పళ్లు సహకరించవు!

ఇప్పుడు సరదాకు వెళ్లేవారు ఎక్కువయ్యారు. నెగడు, వేడి టీ, ఫొటోలు. తప్పేముంది? అరకులో వలిసెపూలు పసుపు ఆరబోసినట్లుంటే చూడకుండా ఎవరుండగలరు? కాని అది పూలతోట కాదండీ, నూనెగింజల చేను. ఫొటోకోసం లోపలికి నడిచిన ప్రతి అడుగుకూ కొన్ని మొక్కలు పడిపోతాయి. అందుకే కొందరు రైతులు చేలోకి రావాలంటే పదో పరకో ఇమ్మంటారు. కారు దిగివచ్చి ఆ పది రూపాయలకు బేరమాడేవాళ్లను చూస్తే నాకు చలికంటే సిగ్గే ఎక్కువ వేస్తుంది.

కాఫీపండ్లు కోసేదీ యీ నెలల్లోనే. ఎర్రబడిన పండునే ఏరి చేత్తో కొయ్యాలి. ఆకులన్నీ మంచుకు తడిసి వుంటాయి. కోసే ఆడవాళ్ల వేళ్లు కొంకర్లుపోతాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కప్పు అందుకొని పొగలు చూసేవారికి ఆ వేళ్లు కనబడవు.

పది దాటాక మంచు విడుతుంది. కార్లు ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరేసరికి చొక్కాలకు చెమట పడుతుంది. పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దుకూడా వుండదని సామెత గదా. కొండమీది ఇల్లాలు నాలుగింటికే కట్టెలమోపు దింపి, పొయ్యి రాజేసుకుంటుంది.