చెరకు పిప్పిలో చలువ

బెల్లము వండు రైతునకు చెరకు పిప్పి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. గానుగ ఆడగా వచ్చిన పిప్పిని ఎండబెట్టి, దానితోనే పొయ్యి మండించి రసము కాచుట మన యెరుకలోనిదే. చక్కెర ఫ్యాక్టరీలో జరుగునదియు ఇదియే; కాని అక్కడ ఒకే మంటతో రెండు పనులు నెరవేరును.

టన్ను చెరకు ఆడిన సుమారు 300 కిలోల పిప్పి వచ్చును. అందులో సగము తేమయే. ఈ పిప్పితో బాయిలరులో హెచ్చు ఒత్తిడిగల ఆవిరి పుట్టించి, టర్బైను త్రిప్పి విద్యుత్తు తీయుదురు. టర్బైను నుండి వెలువడు ఆవిరితో రసము కాతురు. వట్టి విద్యుత్తు కొరకే నడచు బొగ్గు కేంద్రములో ఇంధనపు శక్తిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే విద్యుత్తగును. మిగిలినదానిలో అధిక భాగము వేడిగా గాలిలో కలిసిపోవును. వేడిని కూడ వాడుకొనుచోట ఈ నష్టము చాల తగ్గును.

చిక్కేమనగా, క్రషింగు ముగిసిన పిదప రసము కాచు పని యుండదు. అప్పుడు నిలువ పిప్పితో విద్యుత్తు తీసినను వేడి వృథా యగును. సరిగా ఆ వేసవిలోనే మన బెల్లమునకు, చింతపండునకు, మిరపకాయలకు చల్లదనము కావలసియుండును.

వేడితో చల్లదనమా యని ఆశ్చర్యపడవలదు. 1859లోనే ఫ్రాన్సు దేశీయుడు ఫెర్డినాండ్ కారే అట్టి అమ్మోనియా యంత్రమును రూపొందించెను. నీరు అమ్మోనియాను పీల్చుకొనును, వేడిచేసిన విడిచిపెట్టును. విడివడిన అమ్మోనియాను ద్రవముగా మార్చి, మరల ఆవిరి కానిచ్చినచో చుట్టునున్న వేడిని లాగుకొనును. దీనికి కంప్రెసరుతో పనిలేదు.

అయితే ఈ యంత్రమునకు పెట్టుబడి హెచ్చు. ఇంధనము కొని నడుపుట దండుగ. టర్బైను నుండి ఆవిరిని మధ్యలోనే తీసినచో విద్యుత్తు కొంత తగ్గును. ఆ లెక్కయు ముందుగా చూచుకొనవలెను. లెక్క కుదిరినచోట మాత్రము, విద్యుత్తు అమ్ము ఫ్యాక్టరీ ఆవరణలో రైతుల సరుకునకు శీతల గిడ్డంగి యుండవలెనని నా అభిప్రాయము.

ఇది దయాధర్మము కాదు. చక్కెరతోపాటు పిప్పి, మొలాసిస్, మడ్డి విలువలో 70 శాతము చెరకు రైతునకు చెందవలెనని 2012లో రంగరాజన్ సంఘము సూచించెను. పిప్పి మన పొలములో పుట్టినది. దాని వెలుగు గ్రిడ్డుకు పోవుచున్నప్పుడు, దాని చలువలోనైనను మనకు పాలుండుట న్యాయము. చెరకు రైతుల సంఘములు, గ్రామాధికారులు ఈ విషయమును రానున్న సీజనుకు ముందే ఫ్యాక్టరీవారితో చర్చింపవలెను.