పెరటి ఇంటికి ఎంత ఖర్చు? అడుగు లెక్క తప్పుతున్నదెక్కడ?

హోసూరు పరిసర గ్రామాలలో ఒకప్పుడు గడ్డివాము, పశువుల కొట్టం ఉన్న పెరటి స్థలాలలో నేడు చిన్న ఇళ్లు లేస్తున్నాయి. కొన్ని పెళ్లయిన కొడుకు కాపురానికి, కొన్ని వృద్ధులైన తల్లిదండ్రులకు, మరికొన్ని కర్మాగారాల పనికి వచ్చినవారికి అద్దెకు. ఒక గది, వంటిల్లు, స్నానాల గది కలిపి మూడు నాలుగు వందల చదరపు అడుగులకు మించని కట్టడాలివి. చిన్నదే కదా అని మొదలుపెట్టిన కుటుంబాలు కప్పు వేసే నాటికి నగలు తాకట్టు పెట్టవలసి వస్తోంది. ఇందులో లోపం పనివారిది కాదు, ముందు వేసుకున్న అంచనాది.

పట్టణంలో పెద్ద ఇల్లు కట్టిన మేస్త్రి చెప్పిన అడుగు ధరను తెచ్చి పెరటి ఇంటి వైశాల్యంతో హెచ్చవేయడం అలవాటయింది. ఇల్లు చిన్నదైనకొద్దీ అడుగు ధర పెరుగుతుందన్న సంగతి ఈ లెక్కలో మరుగునపడుతోంది. తొమ్మిది వందల అడుగుల ఇంటికైనా, మూడు వందల అడుగుల ఇంటికైనా మరుగుదొడ్డి ఒకటే, సెప్టిక్ ట్యాంకు ఒకటే, వంటగట్టు ఒకటే, వీధి తలుపు ఒకటే. వీటికి లక్షన్నర అవుతుందనుకుంటే పెద్ద ఇంటిలో అడుగుకు 167 రూపాయలు పడుతుంది. చిన్న ఇంటిలో 500 రూపాయలు. పైగా మేస్త్రి ధర అడుగుకు చెప్పాడా, చదరానికి, అనగా నూరు చదరపు అడుగులకు చెప్పాడా, అందులో విద్యుత్తు సామగ్రి, రంగులు చేరాయా లేదా అన్నది కాగితం మీద ఉండదు. తగవు అక్కడే పుడుతుంది.

ప్రభుత్వ అంకెలను ఆధారం చేసుకునేవారూ ఉన్నారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతాలకు 2016లో నిర్ణయించిన సాయం 1,20,000 రూపాయలు; 2024లో పథకాన్ని పొడిగించినప్పుడూ అదే మొత్తం. కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు కనుక అడుగుకు సుమారు 446 రూపాయలు. తమిళనాడు ప్రభుత్వం 2024లో చేపట్టిన కలైఞర్ కనవు ఇల్లం పథకంలో 360 అడుగుల ఇంటికి 3,50,000, అంటే అడుగుకు 972. ఒకే పల్లెలో రెండు అంకెలు, ఒకటి మరొకదానికి రెట్టింపు! ఇవి సాయానికి గీసిన హద్దులే గాని బజారు ధరలు కావు. సొంత ఇంటి వెనుక మరొక ఇల్లు కట్టుకునేవారి కోసం ఉద్దేశించినవి అంతకంటే కావు.

2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. ఇల్లే పది శాతం చవకైనట్లు కొందరు సంబరపడ్డారు. 360 అడుగుల ఇంటికి అడుగుకు 0.4 బస్తా చొప్పున 144 బస్తాలు కావాలి. పన్ను లేని ధర బస్తాకు 280 అనుకుంటే ఒక్కో బస్తాకు మిగిలేది 28 రూపాయలు. మొత్తం మీద 4,032. అదే ఇంటికి ఎం-శాండు ఆరు యూనిట్లు, జల్లి అయిదు యూనిట్లు పడతాయి. యూనిట్‌కు 400 రూపాయలు పెరిగితే చాలు, 4,400 పోయి సిమెంటు లాభం కాస్తా హరించుకుపోతుంది. తమిళనాడులో 2025 ఏప్రిల్‌లో ఖనిజ భూములపై కొత్త పన్ను అమలులోకి వచ్చినప్పుడు క్వారీలు, క్రషర్ల యజమానులు సమ్మె చేసిన సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

సరిహద్దుకు అవతల కుప్పం వైపు బంధువులు ఇసుక ఉచితమని చెప్పిన మాటా అంచనాలో దూరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి ఉచిత ఇసుక విధానం ఉన్నమాట నిజమే. అక్కడివారు ఎత్తుడు కూలి, రవాణా వంటివి భరిస్తే చాలు. ఆ ఇసుకను రాష్ట్రం దాటించడానికి మాత్రం వీలులేదు. అక్కడి లెక్క టన్నులలో, ఇక్కడిది యూనిట్లలో. యూనిట్ అంటే నూరు ఘనపుటడుగులు, బరువులో సుమారు నాలుగున్నర టన్నులు. ఈ తేడా గమనించక రెండు ధరలను పక్కపక్కన పెట్టి, ఇక్కడి వ్యాపారిని నిందించినవారున్నారు.

నేలను బట్టి కూడా అంచనా మారుతుంది. హోసూరు ఎర్రనేలలో రెండు మూడు అడుగులకే గట్టి పొర తగిలే చోట్లున్నాయి. బళ్లారి, రాయచూరు వైపు నల్లరేగడి అట్లా కాదు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పునాది లోతుకు దిగక తప్పదు. అక్కడి బంధువు ఇంటి నమూనాను తెచ్చుకోవచ్చు గాని, అతని ఖర్చు చీటీని తెచ్చుకోరాదు.

అద్దె కోసం కట్టేవారి పరిస్థితి మరింత సున్నితమైనది. నాలుగున్నర లక్షలు నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెస్తే నెల వడ్డీ 4,500. అద్దె 4,000 వస్తే అసలు మాట అటుంచి, వడ్డీకే ప్రతి నెలా 500 చేతి నుండి పడుతుంది. ముందుగా వీధిలో నడుస్తున్న అద్దెలు విచారించి, ఆ అద్దె మోయగల అప్పు ఎంతో తేల్చుకుని, ఆ అప్పుకు తగినంత వైశాల్యం నిర్ణయించుకోవడం సరైన వరుస. పల్లెలలో నేడు జరుగుతున్నది దీనికి తలకిందులు: ముందు ముగ్గు పోస్తున్నారు, తరువాత అప్పు వెతుకుతున్నారు, అద్దె సంగతి గృహప్రవేశం నాడు ఆలోచిస్తున్నారు.